అప్పు ముందా, పొదుపు ముందా: గోడలో పెట్టిన డబ్బు పిలిస్తే రాదు

మీరు అడిగినది నాకు అర్థమైనంత వరకు ఇది. మీకు 41 ఏళ్లు, మీ శ్రీమతికి 38, ఇద్దరూ ఉద్యోగులే. కోతలన్నీ పోయి ఇంటికి వచ్చే జీతాన్ని 100 భాగాలు అనుకుంటే 38 ఇంటి అప్పు ఈఎంఐకి, 34 ఇల్లు గడవడానికి, 9 పాప చదువుకు, 5 బీమాకు, బండికి పోతున్నాయి. మిగిలిన 14 పక్కన ‘ఇతరాలు’ అని రాశారు. అప్పు ఇంకా 15 ఏళ్లు ఉంది, వడ్డీ 9 శాతం. చేతిలో ఉన్న నిల్వ నెలన్నర ఖర్చుకు సరిపోతుంది. ఏడాదికోసారి ఒక నెల జీతమంత బోనస్ వస్తుంది. జీతంలోంచి పదవీ విరమణ నిధికి ఏదో కోత పడుతోంది, ఎంతో ఎప్పుడూ చూడలేదన్నారు. ఐదేళ్లు కడుపు కట్టుకుని అప్పు తీర్చేసి, ఆ తర్వాత నిశ్చింతగా దాచుకుందామని ఆవిడ అంటున్నారు. ఇప్పటినుంచే చెరి సగం చేద్దామని మీరు. ఎవరి మాట సరైనదని అడిగారు.

ఇద్దరిదీ కాదు. ఆవిడ లెక్క కుదరదు, మీ లెక్కకు ఆధారం లేదు. అలాగని మీరిద్దరూ దారి తప్పారనీ అనను. గృహరుణాలు ఇచ్చే సంస్థలో 22 ఏళ్లు పనిచేశాను. ఇదే వాదన పెట్టుకుంటూ నా బల్ల ముందు కూర్చున్న జంటలు ఎన్నో. చివరికి నేను కూడా నా ఇంట్లో ఇదే వాదన పెట్టుకుని, గెలిచి, నష్టపోయాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఐదేళ్ల సంగతి చూద్దాం. 15 ఏళ్లు మిగిలిన అప్పుకు 9 శాతం వడ్డీతో నెలకు 38 భాగాలు కడుతున్నారంటే, మీరు తీర్చాల్సిన అసలు సుమారు 3,750 భాగాలు. అంటే ముప్పై ఏడున్నర నెలల జీతం. దీన్ని ఐదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 38 నుంచి 78కి పెరగాలి. మిగిలే 22 భాగాలతో ఇల్లు గడపాలి, పాపను చదివించాలి. కడుపు ఎంత కట్టుకున్నా అయ్యే పని కాదు. పోనీ ఎనిమిదేళ్లలో తీరుద్దామన్నా నెలకు 55 కావాలి. ఆవిడ పట్టుదలను తక్కువ చేయడం లేదు. ఇలాంటి పట్టుదల ఉన్న ఇళ్లలో అప్పు కచ్చితంగా తీరుతుంది. కానీ కుదరని గడువు పెట్టుకున్నవాళ్లు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో విసిగిపోయి, మొత్తం ప్రయత్నాన్నే వదిలేయడం నా కళ్లతో చూశాను.

ఇప్పుడు మీ రుణ ఖాతా స్టేట్‌మెంట్ తీసి ఒక్క వరుస చదవండి. ఈ నెల మీరు కట్టిన 38లో 28 వడ్డీకి పోయాయి. అసలులోంచి తగ్గినవి 10. అప్పు మొదట్లో ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. లక్ష అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా 900. మొదటి నెలలో అందులో 750 వడ్డీ, 150 అసలు. పదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా 71,000 అసలు మిగిలే ఉంటుంది. సగం అప్పు తీరేది పద్నాలుగో ఏట. ఈ పట్టిక చూపించినప్పుడు చాలామంది మమ్మల్ని మోసగాళ్లలా చూసేవారు. ఇందులో మోసమేమీ లేదు. ప్రతి నెలా మిగిలిన అసలు మీద వడ్డీ వేస్తారు. అసలు కొండంత ఉన్నప్పుడు వడ్డీ కూడా అంతే ఉంటుంది.

అయితే ఈ పట్టిక చూసినవాళ్లు ఒక తప్పు నిర్ధారణకు వస్తారు. ‘వడ్డీ అంతా మొదటి సగంలోనే కట్టేశాం, ఇక ముందుగా కట్టినా ప్రయోజనం లేదు’ అని. చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట అంటుంటే విని విని విసుగొచ్చింది. మూడో ఏట కట్టినా పదమూడో ఏట కట్టినా, అదనంగా కట్టిన ప్రతి వందా ఏడాదికి 9 వడ్డీని ఆపుతుంది. ముందు కడితే ఆ ఆపడం ఎక్కువ ఏళ్లు సాగుతుంది, అంతే తేడా. 9 శాతం అప్పులో ముందుగా కట్టడమంటే, ఏ ఒడిదుడుకులూ లేకుండా 9 శాతం సంపాదించడమే. ఇంత నమ్మకమైన రాబడి ఇచ్చే పొదుపు పథకం మీకు కనిపిస్తే అందులో ఏదో తిరకాసు ఉందని అనుమానించండి.

మరి అలాంటప్పుడు డబ్బంతా అప్పులోకే పోయొచ్చు కదా? కాగితం మీద అదే సరి. మీ పొదుపు మీద 8 శాతం వస్తూ అప్పుకు 9 పోతుంటే, తీర్చడమే లాభం. నేనూ అదే నమ్మాను. నా ఇంటి అప్పు 20 ఏళ్లది, 11 ఏళ్లలో తీర్చాను. బోనస్‌లు, పాత డిపాజిట్లు, నా భార్య వద్దంటున్నా ఆమె దాచుకున్నది కూడా తెచ్చి అందులో పోశాను. ఇంటి కాగితాలు చేతికొచ్చిన రోజు వాటిని రెండుసార్లు చదువుకున్నాను. సరిగ్గా 14 నెలలకు మా సంస్థ మా విభాగాన్ని మూసేసింది. నాకప్పుడు 46. అప్పు లేని ఇల్లు ఉంది, చేతిలో రెండున్నర నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఉంది. మూడో నెల దాటాక, నేనెరిగిన అధికారులున్న చోటికే రుణం కోసం వెళ్లాను. జీతం ఉన్నన్నాళ్లూ అప్పు తీసుకోమని ఫోన్లు చేసినవాళ్లు, జీతం కాగితం లేదనేసరికి ముఖం చాటేశారు. చివరికి ఇంకోచోట, తీర్చిన ఇంటినే మళ్లీ తాకట్టు పెట్టాను. పాత అప్పు కంటే ఒకటిన్నర శాతం ఎక్కువ వడ్డీకి. ఆ సంతకం చేస్తున్నప్పుడు నా భార్య ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

కాబట్టి మీ ప్రశ్నకు వడ్డీ రేట్లు సగం జవాబే చెబుతాయి. మిగతా సగం, ఆ డబ్బు అవసరమైనప్పుడు తిరిగి చేతికొస్తుందా లేదా అన్నది. అప్పులో కట్టిన డబ్బు గోడలో ఇటుక అయిపోతుంది. దాని విలువ ఎక్కడికీ పోదు, కానీ పిలిస్తే రాదు. కొన్నిచోట్ల ముందుగా కట్టిన మొత్తాన్ని అవసరమైతే వెనక్కి తీసుకునే వీలున్న రుణ ఖాతాలు ఉంటాయి. మీది అలాంటిదైతే నా మాటలు కొంత సడలించుకోవచ్చు. మామూలు ఖాతా అయితే మాత్రం, చేతిలో నిల్వ లేకుండా అప్పు తీర్చే తొందర వద్దు.

ఎంత నిల్వ ఉండాలి? మీకు తప్పనిసరి ఖర్చులు, ఈఎంఐతో కలిపి, నెలకు 86 భాగాలు. ఇద్దరూ ఉద్యోగులు కాబట్టి నాలుగు నెలలకు సరిపోయేంత, అంటే 344 భాగాలు ఉంచుకోండి. ఇద్దరిదీ ఒకే సంస్థ లేదా ఒకే రంగమైతే ఆరు నెలలకు పెంచండి. ఆ రంగానికి గాలివాన వస్తే ఇద్దరి గొడుగులూ ఒకేసారి ఎగిరిపోతాయి. ఇప్పుడున్నది నెలన్నరకు, అంటే దాదాపు 130. రాబోయే రెండు బోనస్‌లు ఇందులో వేస్తే కుండ దాదాపు నిండుతుంది. దీన్ని షేర్లలో పెట్టకండి, దీర్ఘకాలపు డిపాజిట్‌లో బిగించకండి. దీని పని పెరగడం కాదు, పిలిచిన రోజు రావడం.

ఇక నన్ను బాగా ఆకర్షించింది ఆ 14 భాగాల ‘ఇతరాలు’. జీతంలో ఏడో వంతు డబ్బుకు పేరు లేదు! నెలాఖరుకు ఏమీ మిగలడం లేదన్న మీ బాధకు కారణం ఈఎంఐలో కంటే ఇక్కడే ఎక్కువ ఉంది. ఉద్యోగం పోయిన ఆ ఏడాది మేమిద్దరం మూడు నెలలు ప్రతి ఖర్చూ ఒక పాత నోటు పుస్తకంలో రాశాం. విలాసాలు బయటపడతాయని ఎదురుచూశాను. అవి పెద్దగా లేవు. బయటపడినవి రెండు. ఒకటి, ఫోను ద్వారా వాటంతటవే కోత పడే చందాలు. మొత్తం తొమ్మిది, అందులో నాలుగు మేం వాడటం మానేసి ఏడాది దాటింది. రెండోది అసలు దొంగ. బండి టైర్లు, ఇంటి పన్ను, నీళ్ల మోటారు మరమ్మతు, ఎవరిదో పెళ్లికి ప్రయాణం, కళ్లజోడు. ప్రతి నెలా ‘ఈ నెల అనుకోని ఖర్చు వచ్చింది’ అనుకునేవాళ్లం. పన్నెండు నెలల్లో పదకొండు నెలలు అనుకోని ఖర్చు వస్తే, అది అనుకోవాల్సిన ఖర్చే కదా.

మీరూ ఇలా చేయండి. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, నెలనెలా రాకుండా ఏడాదిలో ఒకసారో రెండుసార్లో వచ్చే ఖర్చులన్నీ కూడండి. పన్నెండుతో భాగించండి. ఆ మొత్తాన్ని ప్రతి నెలా వేరే ఖాతాకు పంపండి. టైరు అరిగినప్పుడు ఆ ఖాతాలోంచి ఇవ్వండి. మీ ఇంటికి ఇది సుమారు 6 భాగాలు అవుతుందని నా అంచనా. ఇంకో 5 భాగాలు జీతం పడిన రోజే రిటైర్మెంట్‌కు వెళ్లిపోవాలి. నెలాఖరున కాదు, నెలాఖరున మిగిలేది ఏమీ ఉండదని మీరే రాశారు కదా. మిగిలిన 3 మీ ఇద్దరి జేబు ఖర్చు, చెరి ఒకటిన్నర. దేనికి ఖర్చుపెట్టారని ఒకరినొకరు అడగకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఈ 3 భాగాలు లేని బడ్జెట్లు ఎక్కువకాలం బతకవు. క్రెడిట్ కార్డు బాకీ ఏదైనా నెల నెలా మోసుకొస్తుంటే మాత్రం, పైన చెప్పినవన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని తీర్చండి. దాని వడ్డీ ముందు ఇంటి అప్పు వడ్డీ ఎందుకూ పనికిరాదు.

5 భాగాలు చాలా తక్కువ అనిపించవచ్చు. తక్కువే. అసలు బలం జీతం పెరిగినప్పుడు వస్తుంది. అమెరికాలో రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అనే ఆర్థికవేత్తలు ఒక సంస్థ ఉద్యోగులతో ఇలాంటి ఒప్పందమే చేయించారు. ఈనాటి జీతంలోంచి ఏమీ తగ్గించరు, జీతం పెరిగిన ప్రతిసారీ పొదుపు శాతం దానంతటదే పెరుగుతుంది. 40 నెలల్లో వాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. 2004లో ప్రచురించిన ఈ ఫలితం నాకు ఎందుకు నచ్చిందంటే, అందులో ఎవరినీ త్యాగం చేయమనలేదు. చేతికి రాని డబ్బును ఎవరూ పోగొట్టుకున్నట్టు భావించరు.

మీకు ఏటా జీతం 6 భాగాలు పెరుగుతుందనుకుందాం. 2 ఈఎంఐకి కలపండి, 2 రిటైర్మెంట్‌కు, 2 పెరిగే ధరలకు. ఈఎంఐకి కలిపే ఆ 2 అంటే వాయిదాను ఏటా 5 శాతం పెంచినట్టు. దాంతో మీ 15 ఏళ్ల అప్పు పదిన్నర ఏళ్లలోపే తీరుతుంది. ఒక్క బోనస్ కూడా అందులో వేయకుండానే! అప్పటికి మీకు 51 దాటుతుంది, జీతం వచ్చే కాలం ఇంకా ఎనిమిదేళ్లు ఉంటుంది. ఆవిడకు ఈ సంఖ్య చూపించండి. ఐదేళ్లు కాకపోయినా, ఆవిడ కోరుకున్న ముగింపు కనుచూపుమేరలోకి వస్తుంది.

అప్పు తీరేనాటికి మీ వాయిదా 62 భాగాలు అయి ఉంటుంది. ఆ మరుసటి నెల నుంచే అదంతా రిటైర్మెంట్‌కు మళ్లాలి. ఇక్కడే నాకు భయం. అప్పు తీరాక ఆ వాయిదా సొమ్మును అలాగే దాచినవాళ్లు, నేను చూసినవాళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. పెద్ద బండి వస్తుంది, మేడ మీద మేడ లేస్తుంది. ‘అప్పు తీరాక దాచుకుందాం’ అన్న ఆవిడ ప్రణాళికలో బలహీనత లెక్కలో కంటే ఇందులో ఎక్కువ ఉంది. దాచే అలవాటు 51వ ఏట కొత్తగా పుట్టదు. అందుకే ఆ 5 భాగాలు ఈ నెలే మొదలవ్వాలంటున్నాను. మీ సంస్థ మీ కోతకు సమానంగా తనూ కొంత వేసే ఏర్పాటు ఉంటే, అది పూర్తిగా అందేంతవరకు మొదట అక్కడే వేయండి. వందకు వంద ఆనాడే కలిసే చోటు అది, ఏ ఈఎంఐ కూడా దానితో పోటీపడలేదు.

రిటైర్మెంట్‌కు ఎంత కావాలి? 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు, 1926 నుంచి ఆ దేశపు షేర్లు, బాండ్ల లెక్కలు తిరగేసి ఒక సంగతి చెప్పాడు. మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసుకుని, తర్వాత ధరలు పెరిగినంత మేర ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోయినా, నిధి 30 ఏళ్లు నిలిచిందని. దీన్ని తిరగేస్తే ఏడాది ఖర్చుకు 25 రెట్లు నిధి కావాలని అర్థం. ఒక్క దేశపు, ఒక్క కాలపు లెక్క కాబట్టి శాసనంలా పట్టుకోకండి, గుర్తు కోసం వాడుకోండి. ఈఎంఐ, పాప చదువు లేని మీ ఖర్చు ఈనాటి ధరల్లో నెలకు 40 భాగాలు అనుకుంటే, ఏడాదికి 480. దానికి 25 రెట్లు 12,000 భాగాలు. అంటే పదేళ్ల జీతం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే మీకు 60 వచ్చేసరికి ఆ సంఖ్య మూడింతలు అవుతుంది.

గుండె గుభేలుమంటుంది, తెలుసు. పైన చెప్పినట్టు అన్నీ సాగి, పొదుపు మీద 8 శాతం వస్తే, అందులో సుమారు సగం సమకూరుతుంది. మిగతా సగంలో ఎంత భాగం మీరు ఎప్పుడూ చూడని ఆ జీతం కోతలోంచి వస్తుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ముందు అది చూడండి. ఈ వాదన మొత్తంలో మీకు తెలియాల్సిన అతి ముఖ్యమైన సంఖ్య అదే కావచ్చు. అలాగే అప్పు లేని ఇల్లు కూడా రిటైర్మెంట్ ఏర్పాటులో ఒక భాగమేనని మరవకండి. అద్దె కట్టనక్కరలేని మనిషికి అవసరమయ్యే నిధి తక్కువ. ఈ విషయంలో ఆవిడ మనసుకు తోచింది నిజమే, పేరు మాత్రమే వేరుగా పెట్టారు.

మీ ఒప్పందం కాగితం కూడా ఒకసారి చదవండి. వడ్డీ స్థిరంగా ఉండేదా, మారేదా? మారేదైతే, రేటు పెరిగినప్పుడు చాలాచోట్ల వాయిదా పెంచకుండా గడువు పొడిగిస్తారు. ఇందాకటి లక్ష అప్పులో మొదట్లోనే రేటు 9 నుంచి 10కి పెరిగి, వాయిదా అదే 900గా ఉంచితే, 240 నెలల అప్పు 314 నెలలు అవుతుంది. ఆరేళ్లకు పైగా! మీకు వచ్చేది ఒక్క వరుస సందేశం, చాలామంది అది చదవను కూడా చదవరు. ముందుగా కడితే జరిమానా ఉందో లేదో చూడండి. అదనంగా కట్టినప్పుడు ‘గడువు తగ్గించండి, వాయిదా తగ్గించొద్దు’ అని రాతపూర్వకంగా అడిగి, కొత్త పట్టిక తీసుకోండి. అడగకపోతే తమకు అనువైనట్టు చేస్తారు. పన్ను మినహాయింపు పోతుందని అప్పు ఉంచుకోమనే సలహాను పట్టించుకోకండి. వంద వడ్డీ కట్టి ముప్పై పన్ను తగ్గించుకుంటే డెబ్భై పోయినట్టే. కాకపోతే మినహాయింపు ఉన్నచోట మీ అప్పు నిజమైన వడ్డీ 9 కంటే తక్కువని గుర్తుంచుకుని లెక్క వేయండి.

ఇద్దరిలో ఎవరికి ఏమైనా మిగిలినవారి మీద అప్పు పడకుండా, మిగిలిన అసలుకు సరిపడా జీవిత బీమా ఇద్దరి పేరిటా ఉండాలి. పొదుపు కలిపిన పథకాలు వద్దు, కేవలం రక్షణకు ఉండే పాలసీ చాలు.

చివరగా, వచ్చే నెల బోనస్ ఏం చేయాలని వేరుగా అడిగారు. ఈ ఏటిది, వచ్చే ఏటిది నిల్వ కుండలోకి. మూడో ఏడాది నుంచి సగం అసలులోకి, సగం రిటైర్మెంట్‌కు. అంటే మీ ‘చెరి సగం’ మాట అప్పటికి సరైనదవుతుంది. అసలులో వేసే సగాన్ని బోనస్ పడిన వారంలోనే కట్టేయండి. మా శాఖకు ‘వచ్చే నెల వచ్చి కడతాం’ అని ఫోను చేసి చెప్పినవాళ్లలో చాలామంది ముఖం మళ్లీ చూడలేదు.